గూట్లో సింహం

పెదనాయన పోయారన్న కబురు నాకు తిరుపతి బస్టాండు పక్కన దోసె తింటుండగా అందింది. ఫోన్ చేసింది ఆయన కొడుకు, మా అన్న. "నాయన పోయినాడు రా. కాఫీ తాగతా తాగతా అట్నే ఒరిగిపోయినాడు."

దుఃఖంలో నోటికి అదుపుండదు. "కప్పు పగిలినాదా?" అనడిగాను.

"దానికేమి, గట్టి పిండం. బాగానే ఉండాది."

ఆ కప్పును వదిలేసి ఆయన్ను స్మరించడం కుదరదు. తెల్ల పింగాణీ కప్పు. దాని మీద ఆయన పనిచేసిన పటాలం చిహ్నం: లేచి నిలబడ్డ సింహం, కింద అడ్డంగా రెండు కత్తులు. రిటైరైనప్పుడు బహూకరించారట. పలమనేరులో దిగింది మొదలు కాఫీ అందులోనే. ఆయన పట్టుకునే తీరు చూస్తే ఆ కత్తుల్లో ఒకటి తనదే అనిపించేది. నిజానికి సర్వీసంతా రేషన్ స్టోర్లో ఉర్లగడ్డలు తూకం వేశారు.

"సివిలియన్ అనేవాడు లేసు లేని బూటు రా" అనేవారు నన్ను చూసి. డిగ్రీ చేతికొచ్చిన రోజు కూడా అదే ఆశీర్వాదం. కృతజ్ఞుణ్ణి.

ఇంకో మాట చెప్పేటప్పుడు ఆయన కళ్లు చెమర్చేవి. "మా పటాలంలో కులం ల్యా. అందరికీ ఒకే పొయ్యి, ఒకే పప్పు." ఆ చెమ్మ ఆరకముందే, ఆవుల పాలు పిండి వచ్చిన పాలేరు పెద్దాయన మీద కేకేసేవారు: "రేయ్, నీ గ్లాసు తెచ్చుకో!" ఆ గ్లాసు ఉండేది పశువుల కొట్టం గోడకున్న గూట్లో. ఆయన పిండిన పాలు వంటింట్లోకి వెళ్లొచ్చు. గ్లాసు వెళ్లకూడదు.

దేవుడున్నాడు, పెద్దమ్మ రూపంలో. "ఆ మిలిటరీలో యాడాడ ఎవురెవురు నోరు పెట్టినారో! ఆ పింగాణీది నా వంటింట్లోకి రాకూడదు" అని మొదటిరోజే తేల్చేసింది. కప్పుకూ అదే గూడు దక్కింది. రోజూ కొట్టం వాకిట్లో పెదనాయన కప్పు చాపేవారు, పక్కన పెద్దాయన గ్లాసు చాపేవాడు. పెద్దమ్మ రెండింట్లోకీ తగలకుండా ఒకే ఎత్తునుంచి పోసేది. అన్నేళ్లు అలా పక్కపక్కన నిలబడినా పెదనాయనకు ఏమీ తోచలేదు. అంతటి నిబ్బరం సైన్యంలోనే నేర్పుతారు కాబోలు.

దినం రోజు పెద్దమ్మ మనసు కరిగింది. కప్పును చింతపండుతో తోమి, నిండా కాఫీ పోసి, చుట్టాలందరి ముందూ పెద్దాయనకు చాపింది. "ఆయప్ప గుర్తుగా పెట్టుకో. ఇంక దీంట్లోనే తాగు."

ఆ ఔదార్యానికి చుట్టాల ఛాతీలు ఉబ్బాయి. అన్న ఫోటో తీద్దామని ఫోన్ ఎత్తాడు.

పెద్దాయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "వద్దులేమ్మా."

"ఏమప్పా, పటాలం కప్పు!" అంది పెద్దమ్మ.

"పటాలందేలే. ఆయప్ప ఇన్నేండ్లు నోరు పెట్టి తాగినాడు గదా. ఎంగిలిది నాకెందుకు? లోపల మీరు తాగే గ్లాసులో పొయ్యమ్మా, తాగతా."

మావాళ్లంతా అటెన్షన్‌లో నిలబడిపోయారు. వంటింటి వైపు ఒక్క కాలూ కదల్లేదు. ఆయన కాసేపు చూసి, ఆవుల దగ్గరికి వెళ్లిపోయాడు. పెద్దమ్మకు కప్పును ఎక్కడ పెట్టాలో తోచలేదు. చివరికి గూట్లోనే పెట్టేసింది.

బస్సుకు బయల్దేరుతూ అటు చూశాను. సింహం అలాగే లేచి నిలబడి ఉంది. చల్లారిన కాఫీ మీద మీగడ కట్టింది. దాని మీద ఒక ఈగ ఈ చివర నుంచి ఆ చివరకు కవాతు చేస్తోంది.