మామయ్య తుమ్మిన రోజు

నిన్న పొద్దున హైదరాబాద్ నుంచి నా భర్త శ్రీధర్ ఫోన్ చేశాడు. "లతా, నాన్న..." అన్నాడు.

ఆ తర్వాత ఏడుపే వినిపించింది.

నేను కౌలాలంపూర్‌లో, మా వంటింట్లో, స్టవ్ ఆపడం కూడా మర్చిపోయి అలాగే నిలబడ్డాను. మామయ్యకు నలతగా ఉందని శ్రీధర్ వారం ముందే వెళ్ళాడు. మొన్న రాత్రి వీడియో కాల్‌లో "నీ టికెట్ బుక్ అయిందా అమ్మా?" అని ఆయనే అడిగారు. శుక్రవారం వస్తున్నానన్నాను.

అప్పటిదాకా ఆయన ఆగలేదు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. మా మామగారు రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్. అమీర్‌పేటలో ఇల్లు. పిల్లి ఎదురొస్తే దానికి దారిచ్చి, తన దారిన తను వెళ్ళే మనిషి. నేనేమో మలేషియాలో పుట్టి పెరిగిన తెలుగుదాన్ని. పెళ్ళినాటికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఇండియా నాకు ఫారిన్.

మేం కౌలాలంపూర్‌లో రిజిస్టర్ పెళ్ళి చేసుకున్నాం. శ్రీధర్ ఆ తర్వాతే ఇంట్లో చెప్పాడు. మామయ్య "సరే" అని ఫోన్ పెట్టేశారట. ఆ రోజు నుంచి కొడుకుతో మాట్లాడటం మానేశారు.

ఇంతలో కంపెనీవాళ్ళు శ్రీధర్‌ని లండన్ ప్రాజెక్టుకి పంపారు. నా వీసా ఆలస్యమైంది. "పిల్ల ఒక్కతే అక్కడెందుకు, మా దగ్గరికి పంపు" అన్నారు అత్తయ్య.

నెల రోజులకని వెళ్ళాను. వానలు వెళ్ళి, చలి వెళ్ళి, మామిడికాయలు వచ్చేదాకా అమీర్‌పేటలోనే ఉన్నాను.

భయపడుతూనే దిగాను. ఎయిర్‌పోర్టుకి మామయ్యే వచ్చారు. "నీ మీద నాకేం కోపం లేదమ్మా. చెప్పాల్సినవాడు వాడు" అన్నారు. అప్పుడు గానీ నా మనసు కుదుటపడలేదు.

నాకు తెలుగు చదవడం నేర్పింది ఆయనే. పలకా లేదు, పుస్తకమూ లేదు. సాయంత్రం పంజాగుట్ట దాకా నడిచి, బస్టాపులో నిలబడి, వచ్చే బస్సుల బోర్డులు చదవడమే.

నేను "బో... ర..." అని కూడబలుక్కునేలోపు బోరబండ బస్సు కాస్తా వెళ్ళిపోయేది. "పోనీలే, బస్సులకేం కరువా? ఇంకోటి వస్తుంది" అనేవారు.

జావా కోర్సుకి వచ్చిన కుర్రాళ్ళు మమ్మల్ని చూసి నవ్వుకునేవాళ్ళు. "నవ్వనీ. వాళ్ళదీ ఇప్పుడే అక్షరాభ్యాసం" అనేవారు మామయ్య.

ఈ పోస్టు నేనే టైప్ చేస్తున్నాను. తప్పులుంటే అవి స్టూడెంటువి. మేష్టారివి కావు.

ఆదివారం శ్రీధర్ ఫోన్ వచ్చేది. నేనూ అత్తయ్యా వంతులేసుకుని మాట్లాడేవాళ్ళం. మామయ్య కుర్చీలోంచి లేచేవారు కాదు గానీ టీవీ సౌండు మాత్రం తగ్గించేవారు. "రండి, మాట్లాడండి" అని అత్తయ్య రిసీవర్ చూపిస్తే మళ్ళీ పెంచేవారు.

మొండి మనిషి. కొడుకూ తక్కువేం తినలేదు. "నాన్నకివ్వు" అని ఒక్కసారీ అడగలేదు. మధ్యలో నలిగింది అత్తయ్య.

చివరికి వీసా వచ్చింది. నన్ను తీసుకెళ్ళడానికి శ్రీధర్ వచ్చాడు. ఉన్న రెండు రోజులూ తండ్రీ కొడుకులు ఒకే హాల్లో కూర్చుని, ఏం కావాలన్నా అత్తయ్యతోనే చెప్పించుకున్నారు.

బయల్దేరే రోజు రానే వచ్చింది. ఎయిర్‌పోర్టు అప్పుడింకా బేగంపేటలోనే. సామాను కారెక్కింది. అత్తయ్య నన్ను పట్టుకుని ఏడుస్తున్నారు. నేనూ ఏడుస్తున్నాను. పుట్టింటి నుంచి వచ్చేటప్పుడు కూడా అంత ఏడవలేదు.

శ్రీధర్ వాళ్ళ నాన్న కాళ్ళకు దణ్ణం పెట్టాడు. ఆయన తల ఊపారు. తను గుమ్మం దిగాడు.

ఇక వీళ్ళిద్దరూ ఈ జన్మకి మాట్లాడుకోరు అనుకున్నాను.

అప్పుడు మామయ్య గట్టిగా తుమ్మారు.

ఒంటి తుమ్ము. సరిగ్గా బయల్దేరేటప్పుడు.

"అయ్యో, ఆగు నాన్నా! లోపలికి రా" అని అత్తయ్య కేకేశారు. కారు డ్రైవరు కూడా దిగి, "జర ఆగి పోండ్రి సార్. తుమ్మినంక పోవద్దు. ఫికర్ జేయకుండ్రి, గీ బేగంపేట ఎంత దూరం?" అన్నాడు.

శ్రీధర్ వెనక్కి వచ్చాడు.

మామయ్యే లోపలికి వెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చారు. "కూర్చోరా. నీళ్ళు తాగి వెళ్దురుగాని" అన్నారు.

ఆనాటి "సరే" తర్వాత కొడుకుతో ఆయన అన్న మొదటి మాట అది.

తను గ్లాసు పట్టుకుని తాగకుండా కూర్చున్నాడు.

"అక్కడ చలి బాగా ఉంటుందా?"

"ఉంటుంది నాన్నా."

"అమ్మాయికి మంచి కోటు కొను. తనకి అలవాటు లేదు."

"కొంటాను."

"నీకుందా?"

అంతే, శ్రీధర్ చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

డ్రైవరు హారన్ కొట్టేదాకా ఇద్దరూ మాట్లాడుతూనే ఉన్నారు. ఆ తర్వాత ఆదివారాలు ఫోన్ ముందు ఎత్తింది మామయ్యే.

శ్రీధర్, నువ్వీ పోస్టు చదువుతావు. ఇన్నేళ్ళూ నీకు చెప్పనిది ఒకటుంది.

ఆ రోజు మామయ్యకి తుమ్ము రాలేదు.

నేను పక్కనే ఉన్నాను కదా, చూశాను. భుజం మీది తువ్వాలు అడ్డం పెట్టుకుని నోటితోనే "హాచ్" అన్నారు. నేను చూడటం ఆయనా చూశారు. నన్ను కారెక్కిస్తూ మెల్లిగా "వాడికి చెప్పకమ్మా" అన్నారు. చెప్పనన్నాను.

నిన్ను ఆపడానికి ఆయనకు ఇంకో దారి తెలియలేదు, శ్రీధర్. అది నువ్వు తెలుసుకోవాలి.

మామయ్యా, మీకిచ్చిన మాట తప్పాను. కోప్పడకండి. మీరంటే నాకు ప్రాణం.

ఏ దిగులూ పెట్టుకోకుండా ప్రశాంతంగా వెళ్ళండి.

మీ లత