సార్ చెప్పింది చెప్పినట్టే

జిల్లా పేజీలో పనిచేసే వాళ్లకు ఒక అలవాటుంటుంది. పెద్దమనుషుల మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయం. వేదిక మీద తడబడితే దిద్దుతాం. ఊరి పేరు తప్పు చెబితే సరిచేస్తాం. మధ్యలో వదిలేసిన వాక్యాన్ని మేమే పూర్తి చేస్తాం. మరునాడు పేపరు చూసుకొని, వాళ్లు నిజంగానే అంత బాగా మాట్లాడామనుకుంటారు. ఖమ్మంలో నా ఉద్యోగంలో సగం ఈ కుట్టుపనికే పోయింది. ఒక్కసారి మాత్రం సూది పక్కన పెట్టాను.

మా అక్క కూతురు మొక్కల శాస్త్రంలో పీహెచ్‌డీ చేసింది. పట్టా చేతికొచ్చిన ఏడాదే, కొత్తగా పరిశోధనలోకి వచ్చే వాళ్లకని కేంద్ర ప్రభుత్వం ఇచ్చే గ్రాంటు ఆమెకు వచ్చింది. మా అడవుల్లో తపసి చెట్టుకు గాటు పెట్టి బంక తీస్తారు. గొడ్డలితో లోతుగా కొడితే బంక బాగానే వస్తుంది, కానీ కొన్నేళ్లకే చెట్టు ఎండిపోతుంది. చిన్న గాటు పెట్టి, దాని మీద మందు పూసి, చెట్టు చావకుండా బంక తీయవచ్చా అన్నది మా మేనకోడలి పని. ములకలపల్లి దాటాక అడవి అంచున కొన్ని చెట్లు ఎంచుకుంది. కొత్త గాటు పెట్టిన వాటికి నీలం రంగు పట్టీ వేసింది. పోల్చి చూడటానికి పాత పద్ధతిలోనే కొట్టించిన వాటికి ఎర్ర పట్టీ వేసింది.

గ్రాంటు ఆమె పేరున వచ్చినా, పని నడవాల్సింది ఆమె చేరిన కాలేజీలో. అక్కడి డిపార్ట్‌మెంట్ హెడ్‌ను అందరూ సార్ అంటారు. నేనూ అలాగే అంటాను. గ్రాంటు సంగతి సార్ మా ఆఫీసుకు ప్రెస్‌నోట్ పంపాడు. నేను ఆ రోజు సెలవులో ఉన్నాను. పేపర్లో సార్ పేరు, ప్రిన్సిపాల్ పేరు, స్వీట్లు పంచిన వాళ్ల పేర్లు వచ్చాయి. చివర మామూలుగానే 'తదితరులు పాల్గొన్నారు' అని ఉంది. ఖానాపురం హవేలిలో ఉండే మా అక్క పొద్దున్నే దుకాణంలో ఉన్న కాపీలన్నీ కొనుక్కొచ్చి, కూతురి పేరు కోసం వెతికి, నాకు ఫోన్ చేసింది.

"తమ్మీ, తదితరులంటే మా పిల్లేనా?"

"అక్కా, నేను లీవుల ఉన్న..."

"ఇన్నేండ్లు పేపర్ల పనిజేసినవ్. స్వీట్లు పంచినోని పేరొచ్చింది, గ్రాంటు తెచ్చినదాని పేరు రాలె. మంచిగుంది."

ఆ 'మంచిగుంది' నా చెవిలో చాలా కాలం ఉండిపోయింది.

మిగతావి మేనకోడలు కొంచెం కొంచెంగా చెప్పింది. అడవికి పోయేందుకు ప్రాజెక్టు కింద కిరాయికి మాట్లాడిన కారు సార్ ఇంటి ముందే ఉండేది. ఆమె షేర్ ఆటోలో బస్టాండుకు, బస్సులో కొత్తగూడేనికి, అక్కణ్నుంచి ఇంకో బండి పట్టుకొని చెట్ల దగ్గరికి పోయేది. ఆ తిరుగుడునే సాకుగా చూపి, ఆమె డిపార్ట్‌మెంట్‌లో కనబడటం లేదని, మిగతా పని తన శిష్యుడికి అప్పగించాలని సార్ ఢిల్లీకి రాశాడు. అదే జరిగితే ఆమె చేసిందంతా ఇంకొకడి పేరున పోతుంది. ఏ సంగతో తేల్చడానికి ఒక కమిటీ చెట్ల దగ్గరికే వస్తుందని కబురొచ్చింది.

నన్ను పిలిచింది కూడా సారే. "ఫొటోగ్రాఫర్‌ను తోల్కరాండ్రి. నా పేరు ముందుండాలె. నేనేం చెప్తే అది రాయాలె" అన్నాడు. ఆ అమ్మాయి నా మేనకోడలని ఆయనకు తెలియదు. చెప్పొద్దని ఆమే నాతో ఒట్టు వేయించుకుంది.

ఎండాకాలం. తపసి చెట్లు ఆకంతా రాల్చి తెల్లటి బెరడుతో నిలబడి ఉన్నాయి. కమిటీ వాళ్లు బండ్లు దిగేలోపు సార్ ఆమె పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు. నేను నీళ్ల సీసా మూత తీస్తూ అక్కడే ఉన్నాను.

"నువ్వు నోరు తెరవొద్దు, అర్థమైందా? వాళ్లకు నేను చెప్త."

"సరే సార్."

"మధ్యల దూరి, గట్ల గాదు సార్, గిట్ల అనొద్దు."

"అనను సార్."

మాట నిలబెట్టుకుంది. సార్ ఆ చెట్ల దగ్గరికి రావడం అదే మొదటిసారి. దూరం నుంచి కొట్టొచ్చినట్టు కనబడేది ఎర్ర పట్టీయే కాబట్టి నేరుగా దాని దగ్గరికి నడిచాడు. లోతైన గొడ్డలి దెబ్బ, చుట్టూ నల్లబడిన బెరడు, పైన విరిగి వేలాడే కొమ్మ. దాని మీద చేయి వేసి ఫొటోగ్రాఫర్ వైపు తిరిగాడు.

"ఇది నా పద్ధతి. ప్రతి గాటూ నేను దగ్గరుండి పెట్టించిన. చెట్టు ఎట్లైందో మీరే చూడుండ్రి."

చూశారు. మేనకోడలు చేతులు కట్టుకొని, తల వంచుకొని, బుద్ధిగా నిలబడింది.

కమిటీలో తెలుగు వచ్చిన పెద్దావిడ ఒకరున్నారు. ఆ గాటును వేలితో తడిమి, "ఇది చచ్చిపోతోంది కదండీ?" అన్నారు.

"అది... సీజన్ మేడం. ఎండలు గదా."

"మరి ఆ నీలం పట్టీవి బాగానే ఉన్నాయే?"

"అవి పాత పద్ధతివి. వాటిని లెక్కల తీసుకోవద్దు."

నీలం పట్టీ చెట్ల గాట్లు పూడిపోయి, బెరడు నున్నగా ఉంది. ఆవిడ సార్‌ను దాటి చూశారు.

"అమ్మా, ప్రాజెక్టు నీది కదా. నువ్వేం మాట్లాడవేం?"

"సార్ మాట్లాడొద్దన్నరు మేడం."

కారు డ్రైవర్‌కు ఉన్నట్టుండి దగ్గు వచ్చింది.

"నేను అడుగుతున్నాను. చెప్పు."

అప్పుడు చెప్పింది. ఏ రంగు ఏమిటో, ఏ చెట్టు ఎందుకు అలా ఉందో, ఒక్కొక్క చెట్టు దగ్గరికి తీసుకుపోయి చూపించింది. ఆమె సగంలో ఉండగానే సార్ కారులోకి పోయి కూర్చున్నాడు. ప్రాజెక్టు ఆమె పేరునే ఉంటుందని తర్వాత ఢిల్లీ నుంచి జవాబు వచ్చింది.

అక్కడితో ఆమె ఆగింది. నేను ఆగలేదు. అడవి నుంచి తిరిగొచ్చిన సాయంత్రమే వార్త రాశాను. సార్ పేరు ముందు పెట్టాను, డిగ్రీలన్నిటితో సహా. ఆయన అన్న మాటలు అన్నట్టే పెట్టాను. ఆవిడ అడిగినవీ, ఆయన చెప్పినవీ, ఆ తర్వాత మేనకోడలి పేరూ, ఆమె చూపించిందీ వరసగా పెట్టాను. గొడ్డలి దెబ్బ మీద చేయి వేసిన ఫొటో కింద 'ఇది నా పద్ధతి' అని రాశాను. డెస్క్ నుంచి ఒకతను ఫోన్ చేశాడు.

"అన్నా, సార్ ఉల్టా చెప్పినట్టున్నడు. సరిజేయనా?"

"ఒక్క అక్షరం ముట్టుకోకు."

పొద్దున్నే సార్ ఫోన్.

"ఏందయ్యా ఇది? గిట్లేస్తరా?"

"మీరు చెప్పిందే సార్. పేరు గూడ ముందే ఉంది, చూస్కోండ్రి."

"మనిషన్నాక నోరు జారుతది. నువ్వు సరిజేస్కోవద్దా?"

"అవ్ సార్. ఇన్నేండ్లు సరిజేసినం."

అక్క మళ్లీ దుకాణంలో కాపీలన్నీ కొనేసింది. "ఫొటో ఇంక జర పెద్దగెయ్యరాదు తమ్మీ" అన్నది.

ఇప్పుడు నేను రిటైరయ్యాను. సార్ ఇంకా ఆ కుర్చీలోనే ఉన్నాడు. ఊళ్లో ఆయన మాట్లాడే సభ ఉందని తెలిస్తే ఇస్త్రీ చొక్కా వేసుకొని పోతాను. ముందు వరసలో కూర్చొని, మోకాలి మీద ప్యాడ్ పెట్టుకొని, పెన్ను మూత తీస్తాను. ఆయన కాగితం చూసి చదువుతుంటాడు. తలెత్తి నన్ను చూశాక, చదివే వరస తప్పిపోయి వెతుక్కుంటాడు.

"ఇంక చాలు మామా" అంటుంది మేనకోడలు.

నాకు ఇంకా చాలలేదు. ఆ ప్యాడ్ మీద నేను ఏమీ రాయను. ఆయనకు ఆ సంగతి తెలియదు.