ఆదివారం భోఁ కొట్టదు

మా వదిన స్నానాలగదిలో జారిపడి కుడిచెయ్యి విరగ్గొట్టుకోకపోతే, రెండున్నరేళ్ల పిల్లని చంకనేసుకుని నేను ఖరగ్‌పూర్ రైలు ఎక్కేదాన్నే కాదు. వదినంటే మా ఆయనకి అక్క. వాళ్లాయన, అన్నయ్యగారు, రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. పొద్దున్నే వెళ్తే సాయంత్రం దాకా రారు. పిండికట్టు విప్పేదాకా, మూడు వారాలపాటు ఇంటి పని చూడ్డానికి నేను తప్ప వేరే దిక్కు లేదు.

అక్కడ హైదరాబాదులో నా సంగతి వేరే ఉంది. పాప పుట్టినప్పుడు మానేసిన టీచరు ఉద్యోగం ఇన్నాళ్లకి మళ్లీ దొరికింది. ఊరి నుంచి వచ్చిన మర్నాడే చేరాలి. పాపని వదలడానికి దగ్గర్లో ఉన్నది ఒకటే ప్లేస్కూలు, వాళ్లకి ఒకటే షరతు: డైపర్ వేసే పిల్లల్ని తీసుకోరు. నెలరోజులు నానా తంటాలూ పడి పాపకి పచ్చ రంగు పాటీ సీటు మీద కూర్చోవడం అలవాటు చేశాను. ఇంక ఫరవాలేదు అనుకుంటుండగా వదిన పడింది.

ఆ పచ్చ సీటుని సంచిలో పట్టలేదని ఇంట్లోనే వదిలేశాను. బుద్ధి గడ్డితింది, ఇంకేమనాలి? రైల్లో భయపడి డైపర్ వేశాను. దాంతో నెల రోజుల చాకిరీ ఒక్క రాత్రి ప్రయాణంలో కొట్టుకుపోయింది.

ఆ పాత క్వార్టర్లో మరుగుదొడ్డి పెరటి చివర ఉంటుంది. నేల మీద కూర్చునేది, లోపల పట్టపగలు కూడా చీకటే. పాప గుమ్మంలోంచి ఆ గోతిని చూసి, "పడిపోతా" అని నా మెడకి కరుచుకుంది. అంతే, మళ్లీ ఆ వైపుకి రానంది. మంచం మీద, బియ్యం డబ్బా పక్కన, పిండికట్టు చేతిని దిండు మీద ఆనించి పడుకున్న వదిన పక్కలో, ఎక్కడ పడితే అక్కడ తడిపేది. దొడ్డికి మాత్రం నాలుగు రోజులు వెళ్లకుండా బిగబట్టింది. కాళ్లు పెనవేసుకుని, మొహం ఎర్రగా చేసుకుని నిలబడేది. దగ్గర్లోని ఝపేటాపూర్ బజారులో దుకాణాలన్నీ తిరిగాను, ఒక పిల్లల సీటు దొరికితే ఒట్టు.

అయిదో రోజు, అప్పుడే ఉతికి ఆరేసిన దుప్పటి మళ్లీ పరిచీ పరచగానే తడిపేసింది. నేను చెయ్యి చేసుకున్నాను. చిన్న దెబ్బే అని రాసుకోవచ్చు గానీ, చిన్నది కాదు. తొడ మీద నా వేళ్లు తేలాయి. అది ఏడవలేదు, నోరు తెరుచుకుని నన్నే చూసింది. నాకే ఏడుపొచ్చింది. ఉద్యోగం పోతుందన్న భయంతో పాలుగారే పిల్లని కొట్టానని ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

"ఓలమ్మ! పసిగుంటని కొడతావేటే?" అంది వదిన, మంచం మీంచి లేవలేక లేస్తూ. "మా ముగ్గుర్నీ నాను ఏ సీట్ల మీద కూకోబెట్టి పెంచినానే? అందర్నీ భోఁ మీదే అలవాటు సేసినాను."

భోఁ అంటే వర్క్‌షాపు సైరను. అక్కడ తెలుగువాళ్లూ బెంగాలీవాళ్లూ అందరూ దాన్ని అలాగే అంటారు. రోజుకి నాలుగుసార్లు కొడుతుంది: పనిలోకి ఎక్కేటప్పుడు, అన్నానికి వదిలినప్పుడు, మళ్లీ ఎక్కేటప్పుడు, సాయంత్రం దిగేటప్పుడు. ఆ ఇళ్లల్లో గడియారం చూసేవాళ్లు తక్కువ. రెండో భోఁకి కుక్కరు దించుతారు, నాలుగో భోఁకి టీ పెడతారు.

"పెరట్లో పేపరు పరిసి, కాళ్లు సాపి కూకో. పాదాల మీద గుంటని కూకోబెట్టు. భోఁ కొట్టగానే ఉస్సని ఈల వెయ్యి. వారం తిరక్కుండా రాకపోతే నన్నడుగు," అంది.

నాకు నమ్మకం లేదు. అయినా మునిగిపోయేవాడికి గడ్డిపరకే ఆధారం. మర్నాడు పొద్దున్నే జామచెట్టు కింద పేపరు పరిచి, చీర మోకాళ్ల దాకా ఎత్తి, పాపని పాదాల మీద కూర్చోబెట్టుకున్నాను. దాని అరచేతులు నా మోకాళ్ల మీద ఉన్నాయి. భోఁ కొట్టింది. ఆ మోతకి అది తుళ్లిపడి, నవ్వి, ఆ నవ్వులోనే అన్ని రోజుల బరువూ దించేసింది. ఆ పేపర్ని చూసి నేను పండగ చేసుకున్నానంటే తల్లులకి మాత్రమే అర్థమవుతుంది.

వారం తిరిగేసరికి భోఁ వినబడగానే ఎక్కడున్నా "అమ్మా, భోఁ!" అంటూ పెరట్లోకి పరిగెత్తేది. నాలుగు భోఁలకీ నాలుగుసార్లు. మధ్యలో చుక్క పడేది కాదు. మా ఆయనకి ఫోన్ చేసి గొప్పలు పోయాను. మిగిలిన డైపర్ల ప్యాకెట్టుని పక్కింటి బెంగాలీ దీదీకి, ఆవిడ మనవడికోసం ఇచ్చేశాను.

ఆదివారం వర్క్‌షాపుకి సెలవు. ఆ రోజు పాప మూడుసార్లు పక్క తడిపింది, దొడ్డికి అసలు వెళ్లలేదు. అన్నయ్యగారు పొట్ట చేత్తో పట్టుకుని నవ్వారు. "అసలైన రైల్వే గుంట! ఆదివారం డ్యూటీ సెయ్యదు!" నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నన్ను నేనే లెంపకాయ కొట్టుకోవాలనిపిస్తుంది. అప్పుడే తెలుసుకోవద్దూ? వంటా, గిన్నెలూ, వదినకి తల దువ్వడం, వీటిలో పడి ఆలోచించలేదు.

మా తిరుగు ప్రయాణం ఆఖరి ఆదివారం సాయంత్రం. ఆ పొద్దున పాప నా పాదాల మీద కూర్చుని, తల పైకెత్తి చెవులు రిక్కించింది.

"అమ్మా, భోఁ ఏదీ?"

అప్పుడు తట్టింది నాకు. హైదరాబాదులో ఏ భోఁ ఉంది? నేను నేర్పింది పిల్లకి కాదు, ఆ సైరనుకి నేర్పినట్టయింది. వదిన దగ్గరికి వెళ్లి, "కొంప మునిగింది వదినా," అన్నాను. అన్నయ్యగారు రంగంలోకి దిగారు. రిటైర్మెంటు దగ్గరపడిన పెద్దమనిషి, జామచెట్టు పక్కన నిలబడి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టి "భోఁ..." అని ఊళ పెట్టారు. పాప నవ్వి, "మామయ్యా, నువ్వు కాదు," అంది. మళ్లీ కాళ్లు పెనవేసుకుంది.

"ఇయ్యాలెక్కడ తెచ్చేది? రేపు పొద్దున ఫోన్లో రికార్డు సేసి పంపుతానులే," అన్నారాయన. వదిన మొహం చిన్నబోయింది. "నానే సెప్పినాను కదే నీకు... నాకేటి తెలుస్తాది, మేం ఈ ఊరు ఇడిసి ఎప్పుడెళ్లినాం గనక," అంది.

రైలుకోసం పక్కింటి దీదీ దగ్గరికి వెళ్లి, ఇచ్చిన డైపర్లలో రెండు తిరిగి అడుక్కున్నాను. "కోయీ బాత్ నహీ," అని, అదేం పెద్ద విషయం కాదన్నట్టు ప్యాకెట్టంతా చేతిలో పెట్టింది. ఆ మంచితనానికి ఇంకా ముడుచుకుపోయాను.

సోమవారం సాయంత్రం ఇల్లు చేరేసరికి భోఁ ఫోన్లోకి వచ్చింది. వెంటనే పెట్టాను. పాప ఆడుకునేది ఆపి పరిగెత్తుకొచ్చింది! పచ్చ సీటు చూపిస్తే తన్నేసింది. సరే, పేచీ ఎందుకని స్నానాలగదిలో పేపరు పరిచి నేనే కాళ్లు చాపాను. అయిపోయింది. బతికానురా దేవుడా అనుకున్నాను.

మంగళవారం పొద్దున గంజి పెట్టిన కొత్త నేతచీర కట్టుకుని, పాపని ప్లేస్కూల్లో వదిలి, భోఁ రికార్డుని అక్కడి ఆయమ్మ ఫోన్లోకి పంపాను. ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. నా బడిలో మూడో పీరియడు సగంలో ఫోనొచ్చింది.

"మేడం, ఆ కూత పదిసార్లు పెట్టాం. పాప బిగబట్టుకుని ఒకటే ఏడుపు. కాళ్లు, కాళ్లు అంటోంది. కాళ్లేమైనా నొప్పా? నేను ఒళ్లో పెట్టుకోబోతే తోసేస్తోంది."

కాళ్లంటే ఏమిటో నాకు ఒక్కదానికే తెలుసు. సుద్దముక్క బల్ల మీద పెట్టేసి, ఆటో ఎక్కి వెళ్లాను. పాప మొహం ఉబ్బిపోయి ఉంది. ప్లేస్కూలు స్నానాలగదిలో పేపరు పరిచి, కొత్త చీర మోకాళ్ల దాకా ఎత్తి, తడి గచ్చు మీద కాళ్లు చాపాను. వచ్చి కూర్చుంది. చల్లటి చిన్న అరచేతులు నా మోకాళ్ల మీద వేసింది. భోఁ పెట్టడం మర్చేపోయాను. దానికి అక్కర్లేకపోయింది కూడా. నిమిషంలో అయిపోయింది.

గుమ్మంలో నిలబడి ఆ ప్లేస్కూలు మేడం, "ఇంకొన్నాళ్లు ఇంట్లో ఉంచుకోండమ్మా, అలవాటయ్యాక చూద్దాం," అంది మెత్తగా. తలూపాను. నేను ఆ పొద్దునే చేరిన బడి ఇంకొన్నాళ్లు ఆగదని ఆవిడకి చెప్పి ఏం లాభం?

పాప లేవకుండా నా కాలి బొటనవేలు పట్టుకుని ఆడుతోంది.

"అమ్మా, రేపు కూడా వస్తావా?"

"రేపు నేనెక్కడికీ వెళ్లడం లేదులే," అన్నాను.