నేను పుట్టిన ఊరు నిజంగా చెప్పిన రోజు

ప్రభువునందు నా తోబుట్టువులైన మీ అందరికీ వందనాలు. నా పేరు మార్తమ్మ. ఈ చెన్నైలోనే ఎన్నూరులో ఉంటాం, నేను పురసవాక్కంలో ఒక చీరల కొట్లో పని చేస్తాను. పన్నెండేళ్లుగా మీ మధ్యే కూర్చుని పాటలు పాడాను, మీతో కలిసి ప్రభువు బల్లలో పాలు పొందాను, కానీ నేను ఎక్కడ పుట్టానో మన పాస్టరు అయ్యగారికీ, ఆయన భార్య అమ్మగారికీ తప్ప మీలో ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్లకు నెల్లూరు వైపు అని చెప్పి తప్పించుకున్నాను. సహోదరులారా, అది అబద్ధం. నన్ను క్షమించండి.

నేను బర్మాలో పుట్టాను. మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి ఆ దేశం పోయి బియ్యం మిల్లులో మూటలు మోశాడు. నాలుగు తరాలు అక్కడే గడిచినా మేము ఇంట్లో తెలుగే మాట్లాడుకున్నాం, తెలుగులోనే ప్రార్థన చేసుకున్నాం. మా పిన్ని కంటి ఆపరేషన్‌కు చెన్నై వస్తూ నన్ను తోడు తెచ్చుకుంది, అప్పుడే మా ఆయన జాన్సన్‌తో పెళ్లి కుదిరింది. ఏడాదికోసారి వీసా పొడిగించుకుంటూ, చట్టం చెప్పిన ఏడేళ్లు నిండాక పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకున్నాను.

నాలుగేళ్లు జవాబు లేదు. వెళ్లి అడిగిన ప్రతిసారీ పరిశీలనలో ఉందన్న మాటే. ఆ నాలుగేళ్లలోనే అక్కడ మా అమ్మ మంచాన పడింది. ఇప్పుడు దేశం దాటితే దరఖాస్తు పాడవుతుందనీ, తిరిగి రానిస్తారో లేదో తెలియదనీ అందరూ చెప్పారు, నేను వెళ్లలేదు. అమ్మ సమాధి కార్యక్రమంలో వాళ్లు పాడిన పాట ఫోనులో విన్నాను, అది కూడా మధ్యలో తెగిపోయింది. దేవుడు ఆ రోజు ఎందుకు దారి తెరవలేదో నాకు ఈరోజుకీ తెలియదు, తెలిసినట్టు మీ ముందు నటించను.

ఆ తర్వాత ఒక ఉత్తరం వచ్చింది. మా పాప కెజియా పుట్టినప్పటి ఆసుపత్రి కాగితంలో తల్లిది నెల్లూరు అని ఉంది, దరఖాస్తులో బర్మా అని ఉంది, కాబట్టి దరఖాస్తు తోసిపుచ్చాం, వీసా ఇక పొడిగించం, నెలలోపు దేశం విడిచి వెళ్లాలి అని అందులో రాసి ఉంది. పాపకు అప్పుడు తొమ్మిదేళ్లు. జాన్సన్ ఆ కాగితం చదివి గోడకు ఆనుకుని కూలబడి, "నువ్వు ఆడికి పోతే ఈడ మేము ఎట్లా బతికేది?" అన్నాడు.

విశ్వాసులు కోర్టు మెట్లు ఎక్కకూడదని చిన్నప్పటి నుంచి విన్నదాన్ని, ఉపవాసం ఉంటాను, దేవుడే చేస్తాడు అని అమ్మగారితో అన్నాను. ఆమె నా చేతులు పట్టుకుని, "దేవుడు చేస్తాడు, కాదనను. న్యాయం అడగడానికి నీకు నోరిచ్చింది కూడా ఆయనే కదమ్మా. బైబిల్లో ఆ విధవరాలు విసుగక న్యాయాధిపతి దగ్గరికి పోయిన సంగతి మనం పిల్లలకు చెప్పడంలేదా?" అన్నారు. మరునాడే మమ్మల్ని హైకోర్టు దగ్గర కల్పన అనే వకీలు దగ్గరికి తీసుకెళ్లారు. ఆమెది కూడా ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబమే, మన విశ్వాసి కాదు, కానీ దేవుడు ఎవరి చేతనైనా పని చేయిస్తాడు!

ఆమె కాగితాలన్నీ చదివి, "కోర్టు నీకు పౌరసత్వం ఇచ్చేయదమ్మా. నీ మాట వినకుండానే కొట్టేసినారు, అది తప్పు, దాన్ని మనం అడగొచ్చు. అయితే ప్రమాణం చేసి అంతా రాయాల. ఒక్క అబద్ధం ఉన్నా నేను ఈ కేసు పట్టుకోను. నెల్లూరని ఎవరు చెప్పినారు?" అని అడిగింది.

నేనే చెప్పాను. కాన్పుకు వెళ్లినప్పుడు నర్సు అడిగితే, పరాయి దేశం అంటే ఏమంటారోనని భయపడి, మా ఆయన పూర్వీకుల ఊరు నాదని రాయించాను. కానీ ఆ మాట వకీలమ్మతో అనలేక ఒక్కరోజు గడువు అడిగాను. తిరుగు రైల్లో జాన్సన్ మెల్లగా, "అన్న రాయించినాడని చెప్దాం. ఆయన ఇప్పుడు లేడు కదా" అన్నాడు. ఆయన అన్న, మా బావగారు, అంతకు రెండేళ్ల ముందే ప్రభువు దగ్గరికి వెళ్లారు. జాన్సన్‌ను నేను తప్పు పట్టను, నా మనసు కూడా అప్పటికే ఆ మాట మీదికి పోయింది.

మరునాడు మధ్యాహ్నం అందరూ భోజనానికి దిగాక, కొట్టు మేడ మీద చీరల మూటల మధ్య మోకాళ్లూని ఇలా ప్రార్థన చేశాను: "తండ్రీ, సిగ్గుపడి నాది కాని ఊరు నాదని చెప్పుకున్నాను. చనిపోయిన మనిషి మీద నా తప్పు మోపి నా ఇల్లు నిలబెట్టుకోలేను. నన్ను ఎక్కడికి పంపినా నువ్వు అక్కడ ఉంటావు. నిజం చెప్పే ధైర్యం ఇయ్యి." లేచేసరికి కేసు గెలుస్తానన్న నమ్మకమైతే రాలేదు, కానీ భయం మాత్రం పోయింది. అక్కడి నుంచే వకీలమ్మకు ఫోను చేసి, నేనే అబద్ధం చెప్పానని చెప్పాను. ఆమె అంతా విని, "సరే, అదే రాద్దాం" అంది.

గడువుకు మూడు రోజుల ముందు కేసు విచారణకు వచ్చింది. న్యాయమూర్తి నా ప్రమాణపత్రం చదివి, కొట్టేసే ముందు ఈమెను పిలిచి అడిగారా అని ప్రభుత్వం తరఫు వకీలును ప్రశ్నించారు. లేదన్నాడాయన. తప్పు తానే ఒప్పుకున్న మనిషి మాట వినాల్సిందే, పన్నెండు వారాల్లో విని తేల్చండి, అప్పటిదాకా ఈమెను పంపవద్దు అని ఉత్తర్వు ఇచ్చారు. అంతా ఇంగ్లీషులో జరగడంతో నాకేమీ అర్థం కాలేదు, బయటికి వచ్చాక వకీలమ్మ చెబితే ఆ వరండాలోనే నిలబడి ఏడ్చాను.

అధికారి ముందు అదే నిజం మళ్లీ చెప్పాను. పన్నెండు వారాలు దాటినా జవాబు రాలేదు, వకీలమ్మ నోటీసు పంపింది, మళ్లీ ఎదురుచూశాం. చివరికి పిలుపు వచ్చింది, ఈ దేశానికి విధేయురాలినై ఉంటానని ప్రమాణం చేశాను, పోయిన నెల పౌరసత్వ పత్రం నా చేతికి వచ్చింది. దేవునికే మహిమ!

సహోదరీ సహోదరులారా, ఆయన నన్ను వీసా కష్టం నుంచి మాత్రమే కాదు, పన్నెండేళ్ల అబద్ధం నుంచి విడిపించాడు. మీలో ఎవరైనా కాగితం కోసం ఏళ్ల తరబడి ఏదో ఒక ఆఫీసు కిటికీ ముందు నిలబడి, అడగడానికి భయపడుతుంటే, ఏదైనా దాచుకుని కుమిలిపోతుంటే, ఆయనను నమ్మండి. ప్రతి ఆదివారం ఆరాధన ముగిశాక నేను ఆ వెనక బెంచీ మీద కూర్చుంటాను. నా దగ్గరికి రండి. ముందు ప్రార్థన చేద్దాం, తర్వాత అర్జీ రాద్దాం.