సౌండు రాని బొమ్మ

ఆ సినిమా బొమ్మకు మాటలు ఉండవని నాకు ముందే తెలుసు. ఆ ఒక్క ముక్క ఇన్నేళ్లూ మా మామతో చెప్పలేదు. నిన్న కదిరి బస్సులో పక్కసీటాయన ఫోనులో అదే బొమ్మ కనబడింది. అప్పటి నుంచి కుదురుగా కూర్చోలేకపోయాను.

మామ, అంటే మా అమ్మ తమ్ముడు, ముదిగుబ్బ చుట్టుపక్కల పల్లెల్లో తెర కట్టి సినిమాలు ఆడించేవాడు. ఎలాంటి మిషనైనా ఆయన చెయ్యి పడితే నడవాల్సిందే. అనంతపురం నుంచి రీళ్లు తేవడం నా పని. ఒకసారి హోటల్లో దోసెల దగ్గర ఆలస్యం చేసి వెళ్లేసరికి మంచి బొమ్మలన్నీ పోయాయి. "ఇదొకటే ఉండాదప్పా, తెల్లోళ్లది. మూగ బొమ్మ" అన్నాడు అద్దెకిచ్చేవాడు. మామ తిడతాడని ఆ సంగతి మింగేశాను.

ఆ రాత్రి తెర మీద ఒక బక్కమనిషి నోరు కదిపాడు. మాట రాలేదు. "ఏమప్పా, మిషనుకు గొంతు పట్టేసినాదా?" అని ఒకడు అరిచాడు. "కసాయం తాపన్నా దానికి!" అని ఇంకొకడు. మామ సౌండు డబ్బా విప్పి తల అందులోకి దూర్చాడు. చెబుదామని దగ్గరికి పోయాను, వెనక్కి వచ్చాను. మళ్లీ పోయాను. ఈలోగా జనం మాటల సంగతే మరిచిపోయారు. ఆ బక్కమనిషి పెళ్లాం మందుకోసం గాడిదను అమ్మేశాడు. గాడిద లేకుంటే కూలి దొరకదని తనే దుప్పటి కప్పుకుని, గాడిద చెవులు కట్టుకుని బండి లాగుతున్నాడు. యజమాని గడ్డి పెడితే నమిలి మింగాడు. జనం పడీపడీ నవ్వారు. ఎత్తు ఎక్కలేక మోకాళ్ల మీద పడ్డప్పుడు మాత్రం ఒక్కరూ నవ్వలేదు, కొందరు కళ్లొత్తుకున్నారు. ఆ ఏడు వేరుశనగ మాడిపోయి, సగం ఊరు ఎద్దులను సంతకు తోలింది. మామ ఇదేమీ చూడలేదు. తీగలు పీకి అతికిస్తూనే ఉన్నాడు. ఆ నవ్వు తనను ఎగతాళి చేయడమనుకున్నాడు, ఆ నిశ్శబ్దం తన మీద కోపమనుకున్నాడు.

తర్వాత కొన్నాళ్లకే మిషను అమ్మేశాడు. ఇంట్లో ఫ్యూజు పోయినా ఎవరినో పిలుస్తాడు. "నా చెయ్యి చెడిపోయినాదిరా" అంటాడు.

ఈ పొద్దున పోయి, నా ఫోనులో ఆ బొమ్మ పెట్టి ఆయన చేతికిచ్చాను.

"సౌండు పెంచురా."

"పెంచినా రాదు మామా. ఇది మూగ బొమ్మ. ఆ పొద్దు కూడా మూగదే. నాకు అప్పుడే తెలుసు."

నా వైపు చూడకుండా చివరిదాకా చూశాడు. ఎత్తు ఎక్కలేక పడ్డ చోట కళ్లు తుడుచుకున్నాడు.

"ఆ పొద్దు జనాలు నగింది దీనికేనా?"

"దీనికే మామా. ఏడ్చినారు కూడా."

"నేనొక్కడినే చూడలేదు గదరా."

"నీ చెయ్యి ఎప్పుడూ చెడిపోలేదు మామా. తప్పు నాది. మన్నించు" అన్నాను. క్షణంలో అయిపోయే ఆ మాట నేను చెప్పనందుకు మామ నడివయసంతా గడిచిపోయింది.