చెప్పులకు దక్కని లైన్

మొన్న ఒక్క రోజు డైరీలో ‘లైన్’ అన్న మాట నాలుగుసార్లు రాశాను. పొద్దున కరెంటు పోతే ఇంట్లో "లైన్ పోయింది" అన్నారు. మనవరాలు ఫోన్లో "తాతా, లైన్ల ఉండు" అని పావుగంట ఆపింది. ఆష్టి ఊరికి పోయే లైన్‌లో బస్సు రాలేదని బస్టాండులో చెప్పారు. ఇంతవరకు నవ్వుకుంటూనే రాశాను. నాలుగోది మాత్రం కోపంతో రాశాను.

ఆ రోజు మహారాష్ట్ర సరిహద్దులోని సిరోంచలో కంటి శిబిరం. మా అక్కకు రెండు కళ్ళకూ పొర. పొలం ఒడ్డు కనబడక నాటేసిన మడిలో పడింది. ఆపరేషన్‌కు పేరు ఆ రోజే రాయించాలి. డాక్టరమ్మ మళ్ళీ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పరు.

మా దగ్గర ముసలివాళ్ళు చెప్పులు వరుసలో విడిచి నీడకు కూర్చుంటారు. చెప్పులున్న చోటు మనిషిదే, ఎవరూ దాటరు. అక్క చెప్పులకు ముందు బజారులో బట్టలు కుట్టే సాయెబు చెప్పులున్నాయి.

"సూదిల దారం ఎక్కుతలేదక్కా. అందాజ మీద కుడుతున్న."

"అందుకేనా మా తమ్ముని అంగీకి ఒక చెయ్యి పొడుగైంది?"

ఇద్దరూ నవ్వారు.

శిబిరం నడిపే మనిషి పేర్లు రాసే కిటికీ తెరిచి బయటికొచ్చాడు. చెప్పులన్నీ కాలితో పక్కకు తోసేశాడు. "ఇదేం లైన్? చెప్పులకు ఆపరేషన్ చేస్తరా?" అన్నాడు. నిలబడ్డ పడుచువాళ్ళు ముందుకు దూరారు. అక్క నేల తడుముతూ చెప్పులు వెతుక్కుంటుంటే నా ఒళ్ళు మండిపోయింది. సాయెబు "ఛోడో సాబ్, పోనియ్యిన్రి" అని తన దుకాణానికి వెళ్ళిపోయాడు.

నేను ఊరుకోలేదు. వాడు లోపలికి పోయి కూర్చోగానే కిటికీ దగ్గర మరాఠీలో గట్టిగా నిలదీశాను. అంతే, వాడు కుర్చీలోంచి లేచాడు. "సార్ ఆఫీసుల చేసినట్టున్నరు, ముందే చెప్పొద్దా?" అంటూ అక్క పేరు రాసి చీటీ ఇచ్చాడు. తప్పు ఒప్పుకోలేదు. సర్కారు భాషని నా మరాఠీకి జడిశాడు, అంతే.

"సాయెబుది రాసిన్రా?" అని అడిగింది అక్క.

"లేదు. ఆయన పోయిండు."

"ఆయన చెప్పులు నా ముందుండె గదరా! ఉరుకు, పిల్చుకరా."

ఈ వయసులో బజారంతా ఉరికాను. ఆయన్ను చెయ్యి పట్టుకొని తీసుకొచ్చేసరికి కిటికీ మూసి ఉంది. డాక్టరమ్మ జీపు వెళ్ళిపోయింది. అక్క ఒక్కతే మెట్టు మీద, పేరు రాసిన చీటీ పిడికిట్లో నలిపి, కూర్చుని ఉంది.