ఫ్యానుకి చుట్టుకున్న వల

కాపలా బోటు మీదికి దూకేటప్పుడు బుల్లిరాజు లుంగీ బోటు అంచునున్న కొక్కేనికి తగులుకుని అక్కడే ఆగిపోయింది. మనిషి ఆగలేదు. చారల డ్రాయరుతోనే వెళ్ళి, కత్తి పట్టుకున్న గార్డు చేతిని కసుక్కున కొరికాడు.

దూకక తప్పలేదు మరి. సముద్రంలో గ్యాసు ప్లాట్‌ఫారాలు లేచాక ఒడ్డు దగ్గర చేప కరువైంది. ఉన్న కాస్తా వాటి ఇనపకాళ్ళ చుట్టూ చేరింది. అటు రావద్దని కంపెనీవాళ్ళ హెచ్చరిక. వెళ్ళకపోతే పొయ్యి వెలగదు. ఆ ఉదయం నీటివాలుకి బుల్లిరాజు వల హద్దు దాటింది. తరమడానికొచ్చిన కాపలా బోటు దాని మీదుగానే పోయింది. వల నీళ్ళలో తిరిగే ఇంజిను ఫ్యానుకి చుట్టుకుని ఇంజిను ఆగింది, బోటు ఇనపకాళ్ళ వైపు కొట్టుకుపోసాగింది. వల కోసేయడానికి గార్డు కత్తి తీశాడు.

వేట నిషేధం రోజులన్నీ కూర్చుని భార్య నాగదుర్గ కన్ను కన్నూ బాగుచేసిన వల అది. ఇంకోటి లేదు. పైగా, మెలిపడిన వలని చేత్తో విప్పాలేగానీ కత్తి తగిలించకూడదని ఆ ఇంట్లో పట్టింపు.

ఆ కొరుకుడికి కత్తి నీళ్ళలో పడింది. గార్డు ప్రసన్నకుమార్ నెత్తురోడుతున్న చేత్తోనే ఇనపరాడ్డు అందుకున్నాడు. పక్క ఊరి కుర్రాడే. వరసకి అన్న కొడుకు.

"లేవండి బాబాయ్!" అంటూ వీపు మీద ఒకటి వేశాడు.

బుల్లిరాజు అప్పటికే ఇంజిను పైకెత్తి ముడులు విప్పుతున్నాడు. రెండు చేతులూ పనిలో ఉన్నాయి. దెబ్బ కాచుకోవడానికి ఒక్కటీ ఖాళీ లేదు.

"చచ్చిపోతాం బాబాయ్, బోటు గుద్దుకుపోద్దండి!" ఈసారి రాడ్డు భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది.

"కొడితే కొట్టు గానీ ఊపకురా, ముడి జారిపోతంది."

రెండో గార్డు బూటుకాలితో మూతి మీద తన్నాడు. ఊడిన పన్ను వలలో పడింది. బుల్లిరాజు దాన్ని ఏరి పక్కన పెట్టి, మిగిలిన పళ్ళతో ఆఖరి ముడి లాగాడు.

వల ఊడింది. తమ పడవలోంచి అల్లుడు యుగంధర్ దాన్ని గబగబా లాక్కున్నాడు. ఇంజిను అందుకుంది. బోటు ఇనపకాలికి రాసుకుని, రంగు ఒలుచుకుని బయటపడింది.

వారం తిరక్కుండా ప్రసన్నకుమార్ యానాం ఆసుపత్రికి వచ్చాడు. ఒక చేతికి కట్టు, రెండో చేతిలో ఉతికి మడతపెట్టిన లుంగీ. భుజానికి పిండికట్టుతో మంచం మీదున్న బుల్లిరాజు పక్కన ఆ లుంగీ పెట్టి, తన కట్టు చూపించాడు.

"కుక్క కూడా అలా కరవదండి బాబాయ్. ఎన్ని కుట్లు పడ్డాయో చూడండి!"

"మాననీరా, ఆ చేతికే వల విప్పడం నేర్పుతాను."